హెంప్ సాగుకు అనుమతి కంటే ముందు కావలసినవి

కన్నాబిస్ సటైవా అనే శాస్త్రనామం గల మొక్క నుంచి మనిషి వేల ఏళ్లుగా రెండు వేర్వేరు ప్రయోజనాలు పొందుతూ వచ్చాడు. ఆడమొక్కల పూతలో ఊరే జిగురు మత్తును ఇస్తుంది కనుక ఆ పూతను ఎండబెట్టి గంజాయిగా, జిగురును సేకరించి చరస్‌గా వాడారు. అదే మొక్క కాండం పైపొరలో బలమైన నార, గింజలో పోషక విలువ గల నూనె ఉంటాయి కనుక తాళ్లు, గోనెలు, ముతక బట్టలు, వంటనూనె తయారు చేసుకున్నారు. మత్తునిచ్చే పదార్థమైన టెట్రాహైడ్రోకెనాబినాల్, అంటే టీహెచ్‌సీ, అతి తక్కువగా ఉండేలా ఎంపిక చేసిన రకాలను నార కోసం, గింజ కోసం, కాండం నుంచి వచ్చే కట్టె కోసం పెంచితే ఆ పంటను పారిశ్రామిక హెంప్ అంటారు. తెలుగు రైతుకు తెలిసిన జనుము, గోగు కూడా నార పంటలే అయినా, వాటి కుటుంబాలు వేరు, వాటికీ ఈ మొక్కకూ వృక్షశాస్త్ర సంబంధం ఏమీ లేదు.

హెంప్‌కూ గంజాయికీ మధ్య గీత గీయడానికి ఎక్కువ దేశాలు వాడే కొలమానం ఎండిన పూత బరువులో 0.3 శాతం టీహెచ్‌సీ. ఈ అంకె ప్రకృతి నిర్ణయించినది కాదు. 1976లో ఎర్నెస్ట్ స్మాల్, ఆర్థర్ క్రాంక్విస్ట్ అనే ఇద్దరు వృక్షశాస్త్రవేత్తలు ఈ మొక్క వర్గీకరణపై రాసిన వ్యాసంలో, ఎక్కడో ఒకచోట గీత పెట్టాలి కనుక దీన్ని పెడుతున్నామని ఒప్పుకుంటూ ప్రతిపాదించిన సంఖ్య అది. తరువాతి కాలంలో చట్టాలు దాన్ని తమలోకి తీసుకున్నాయి. ఐరోపా సమాఖ్య చాలాకాలం 0.2 శాతం దగ్గర ఉండి, 2023 నుంచి 0.3కు మారింది. స్విట్జర్లాండ్, థాయ్‌లాండ్ వంటి దేశాలు 1 శాతం వరకు అనుమతించాయి. మొక్క ఒకటే అయినా సరిహద్దు దాటగానే చట్టబద్ధమైన పంట నేరమైపోవడానికి అవకాశం ఉందన్న సంగతిని, ఈ రంగంలోకి కొత్తగా అడుగుపెట్టే దేశమేదైనా మొదట గుర్తుంచుకోవలసి ఉంటుంది.

హెంప్ సాగుకు అంతర్జాతీయ ఒప్పందాలు అడ్డు వస్తాయన్న అభిప్రాయం విస్తృతంగా ఉన్నప్పటికీ అది సరైనది కాదు. మాదకద్రవ్యాలపై 1961లో కుదిరిన ఐక్యరాజ్యసమితి ఒప్పందం 28వ అధికరణంలోనే, కేవలం నార, గింజ వంటి పారిశ్రామిక అవసరాలకు జరిగే సాగుకు తమ నియమాలు వర్తించవని రాసిపెట్టారు. భారతదేశంలో 1985 నాటి మాదకద్రవ్యాల నిరోధక చట్టం, వాడుకలో ఎన్‌డీపీఎస్ చట్టం, సాగును సాధారణంగా నిషేధిస్తూనే 14వ సెక్షన్‌లో ఒక వెసులుబాటు ఉంచింది. నార కోసం, గింజ కోసం, లేదా ఉద్యానవన అవసరాల కోసం మాత్రమే జరిగే సాగును ప్రభుత్వం తన ఉత్తర్వు ద్వారా, తాను విధించే షరతులకు లోబడి అనుమతించవచ్చునని ఆ సెక్షన్ చెబుతుంది. 2012లో కేంద్రం ప్రకటించిన జాతీయ విధానం కూడా తక్కువ టీహెచ్‌సీ రకాలపై పరిశోధనను ప్రోత్సహించాలని చెప్పింది. అంటే చట్టంలో తలుపు మొదటి నుంచీ ఉంది. అయినా దశాబ్దాల పాటు ఆ తలుపు గుండా ఎవరూ నడవలేదంటే కారణాలను పొలంలో, ప్రయోగశాలలో, మిల్లులో వెతకాలి.

వర్ధమాన దేశంలో హెంప్ రంగం ఎలా మొదలవుతుంది, ఎక్కడ చిక్కుకుంటుంది అన్నది తెలుసుకోవడానికి ఉత్తరాఖండ్ అనుభవాన్ని మించిన ఉదాహరణ మన దేశంలో లేదు. 2018లో వాణిజ్య స్థాయిలో హెంప్ సాగుకు లైసెన్సు ఇచ్చిన తొలి భారతీయ రాష్ట్రం అదే. ఆ నిర్ణయం వెనుక కొండ ప్రాంతాల దుస్థితి ఉంది. మెట్ల పొలాలు చిన్నవి, వాన మీదే ఆధారపడినవి. కోతులు, అడవి పందులు గోధుమను, మండువాను (అంటే మన రాగిని), బంగాళాదుంపను చేతికందకుండా చేస్తాయి. యువకులు డెహ్రాడూన్, ఢిల్లీ వంటి నగరాలకు వలసపోతారు. ఈ వలసను అధ్యయనం చేయడానికి 2017లో ఆ రాష్ట్రం ప్రత్యేకంగా ఒక కమిషన్‌ను ఏర్పాటు చేసుకుంది. 2011 జనగణన తరువాతి కాలంలో 734 గ్రామాలు పూర్తిగా ఖాళీ అయ్యాయని ఆ కమిషన్ నివేదిక తేల్చింది. అడవి జంతువులు ముట్టని, రాతినేలలోనూ బతికే, అక్కడి ప్రజలకు తరతరాలుగా తెలిసిన మొక్క కనుక హెంప్ మీద ఆశ పెట్టుకోవడం సహజమే.

కుమావూ, గఢ్వాల్ కొండల్లో ఈ మొక్కకు మత్తుతో నిమిత్తం లేని జీవితం ఒకటుంది. వేయించిన గింజలను ఉప్పు, మిరప, నిమ్మరసంతో నూరి చేసే పచ్చడి అక్కడి ఇళ్లలో మామూలు వంటకం. నారతో తాళ్లు పేనుతారు, ధాన్యం సంచులు నేస్తారు, ఒకప్పుడు ముతక బట్టలూ నేసేవారు. హెంప్‌లో మగమొక్కలు, ఆడమొక్కలు విడివిడిగా ఉంటాయి. మగమొక్క పుప్పొడి రాల్చగానే ఎండిపోతుంది, దాని నార సన్నగా, మెత్తగా ఉంటుంది కనుక దాన్ని ముందు కోస్తారు. ఆడమొక్కను గింజ ముదిరేదాకా ఉంచుతారు. కోసిన కాండాలను కట్టలు కట్టి, వాగు పక్కన మడుగులో ముంచి, తేలిపోకుండా పైన రాళ్లు పెట్టి రోజుల తరబడి ఊరవేస్తారు. నీటిలోని సూక్ష్మజీవులు నారనూ లోపలి కట్టెనూ అంటిపెట్టుకొని ఉండే పెక్టిన్ అనే జిగట పదార్థాన్ని తినేశాక, కాండాన్ని బయటకు తీసి, కొయ్య సుత్తితో మెత్తగా కొట్టి, మొదలు వైపు నుంచి పట్టుకొని ఒలిస్తే నార చివరిదాకా ఊడి వస్తుంది. ఒకరోజు ముందు తీస్తే కట్టెను వదలదు, రెండు రోజులు ఆలస్యమైతే నార కుళ్లి పట్టు పోతుంది. ఎప్పుడు తీయాలో చెప్పేది చేతివేళ్ల అనుభవమే. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో చెరువు నీటిలో మోకాళ్ల లోతున నిలబడి గోగు నార తీసిన వారికి ఈ పని మొత్తం చిరపరిచితంగా కనిపిస్తుంది.

లైసెన్సు అయితే వచ్చింది గాని, ఆ తరువాత మొదట ఎదురైన ప్రశ్న విత్తనం ఎక్కడిది అన్నదే. కొండల్లో రోడ్ల వెంట, పెంటకుప్పల పక్కన తనంతట తానే మొలిచే స్థానిక మొక్కల్లో టీహెచ్‌సీ సాధారణంగా 0.3 శాతాన్ని దాటిపోతుంది, కొన్నిచోట్ల దానికి ఎన్నో రెట్లు ఉంటుంది. అంటే తాత ముత్తాతలు పండించిన విత్తనం రైతు ఇంట్లో డబ్బాలో ఉన్నా, దాన్ని విత్తితే పంట చట్టం దృష్టిలో గంజాయి కావచ్చు. లైసెన్సు తీసుకున్నవారికి ధ్రువీకరించిన తక్కువ టీహెచ్‌సీ విత్తనం సరిపడా దొరకకపోవడమే ఉత్తరాఖండ్‌లో ఈ రంగం అనుకున్న వేగంతో విస్తరించకపోవడానికి ప్రధాన కారణంగా నిలిచింది.

ఈ విత్తన సమస్య లోతును అర్థం చేసుకోవడానికి కొంత జీవశాస్త్రం అవసరం. మొక్కలో తయారయ్యే మూల పదార్థం ఒకటే ఉంటుంది. దాన్ని టీహెచ్‌సీ వైపు మళ్లించే జన్యువు ఒకటి, మత్తు కలిగించని కెనాబిడియాల్ లేదా సీబీడీ వైపు మళ్లించే జన్యువు మరొకటి ఉంటాయి. ఏ జన్యువు వారసత్వంగా వచ్చిందన్న దాన్ని బట్టి మొక్క స్వభావం తేలుతుంది. కనుక మట్టి వల్లనో ఎరువు వల్లనో హెంప్ రకం గంజాయిగా మారిపోదు. అయితే మొక్క ముదిరే కొద్దీ పూతలో ఈ పదార్థాలన్నింటి మోతాదూ పెరుగుతుంది కనుక, 0.25 శాతం దగ్గర ఉన్న రకం కోత పది రోజులు ఆలస్యమైతే గీత దాటవచ్చు. అంతకంటే పెద్ద ప్రమాదం గాలి. హెంప్ పుప్పొడి గాలిలో కిలోమీటర్ల దూరం ప్రయాణిస్తుంది. చుట్టూ కొండవాలుల్లో అడవి గంజాయి పూసే ప్రాంతంలో రైతు ఎంత శుద్ధమైన విత్తనం చల్లినా, ఆ చేనులో కాసిన గింజను మరుసటి ఏడాది విత్తనంగా వాడితే రకం చెడిపోతుంది. మన రైతులు వరిలో చేసినట్లు పండిన దానిలోంచి విత్తనం కట్టుకోవడం ఇక్కడ సాగదు. అడవి మొక్కలు లేని చోట, తగినంత ఎడం పాటించి విత్తనోత్పత్తి చేసే వ్యవస్థ ఉండి, ఏటా కొత్త విత్తనం రైతుకు చేరాలి.

విదేశాల నుంచి విత్తనం తెప్పించుకుంటే సరిపోదా అన్న ప్రశ్నకు పగటి పొడవు సమాధానం చెబుతుంది. హెంప్ పగలు కురచ అయినప్పుడు పూసే మొక్క. ఫ్రాన్సు, ఉక్రెయిన్ వంటి ఉత్తరాది దేశాల్లో వేసవి పగలు పదహారు గంటల దాకా సాగుతుంది కనుక అక్కడి రకాలు ఆ వెలుతురులో రెండు మూడు మీటర్ల ఎత్తు పెరిగి, పగలు తగ్గడం మొదలయ్యాక పూతకు వస్తాయి. వాటిని భూమధ్యరేఖకు దగ్గరగా తెచ్చి విత్తితే, ఇక్కడి పగళ్లు వాటికి మొదటి నుంచీ కురచగానే తోస్తాయి. శ్రీకాకుళంలో ఏడాది మొత్తంలో అతి పొడవైన పగలు కూడా పదమూడు గంటలకు కాస్త మించుతుంది అంతే. ఫలితంగా మొక్క నడుము ఎత్తు కూడా పెరగకముందే పూసేస్తుంది. కురచ కాండంలో నార ఉండదు, చిన్న మొక్కకు గింజ దిగుబడీ ఉండదు. ఐరోపా ధ్రువీకరణ పత్రంతో సహా వచ్చిన విత్తనం ఉష్ణమండల దేశాల్లో రైతును నిరాశపరచడానికి కారణం ఇదే.

ఈ చిక్కును చైనా తన పద్ధతిలో పరిష్కరించుకుంది. దక్షిణాన ఉన్న యునాన్ రాష్ట్రంలో వ్యవసాయ పరిశోధన అకాడమీ, అక్కడి అక్షాంశానికి తగిన, టీహెచ్‌సీ తక్కువగా ఉండే యున్మా వరుస రకాలను స్థానిక మొక్కల నుంచే అభివృద్ధి చేసింది. 2003లో ఆ రాష్ట్రం పారిశ్రామిక హెంప్ సాగుకు నిబంధనలు తెచ్చింది. రకం, నిబంధన జోడుగా నడిచాయి కనుక రైతు చేతికి లైసెన్సు వచ్చేసరికి విత్తే గింజ కూడా ఉంది. యునాన్ రాజధాని కున్‌మింగ్ దాదాపు 25 డిగ్రీల ఉత్తర అక్షాంశంలో, అంటే ఉత్తరాఖండ్‌కు కూడా దక్షిణంగా ఉందన్నది గమనించదగిన సంగతి. భారతదేశం నేర్చుకోవలసిన పాఠం ఐరోపా కంటే యునాన్‌లోనే ఎక్కువగా ఉంది.

మన దేశంలోనూ ఈ పని మొదలు కాలేదని కాదు. డెహ్రాడూన్ దగ్గర సేలాకుయీలోని సుగంధ మొక్కల కేంద్రం, లక్నోలోని జాతీయ వృక్షశాస్త్ర పరిశోధన సంస్థ ఈ పంట మీద పనిచేశాయి. చరస్‌కు పేరుమోసిన మలాణా గ్రామం ఉన్న హిమాచల్ ప్రదేశ్‌లో, రెవెన్యూ మంత్రి అధ్యక్షతన ఏర్పడిన కమిటీ చేసిన అధ్యయనాన్ని అనుసరించి 2024 సెప్టెంబరులో శాసనసభ ఔషధ, పారిశ్రామిక సాగుకు అనుకూలంగా తీర్మానం చేసింది. 2025 జనవరిలో మంత్రివర్గం నియంత్రిత సాగుపై ప్రయోగాత్మక అధ్యయనాన్ని పాలంపూర్, నౌణీ విశ్వవిద్యాలయాలకు అప్పగించింది. ఉత్తరాఖండ్ కంటే ఆలస్యంగా మేలుకొన్నా, పంటకు ముందు పరిశోధనను పెట్టడం వల్ల హిమాచల్ ఎంచుకున్న వరుసే మెరుగైనది. కొత్త రకం స్థిరపడాలంటే అనేక తరాల ఎంపిక కావాలి. మగ, ఆడ మొక్కలు వేరుగా ఉండి పరపరాగ సంపర్కం జరిగే పంటలో అది మరింత కాలం తీసుకుంటుంది. అంతకాలం లాభం లేకుండా ఖర్చు పెట్టగలిగేది ప్రభుత్వ పరిశోధనా సంస్థ మాత్రమే. ప్రైవేటు కంపెనీల చేతికి ఈ పని వదిలేస్తే విత్తనం మీద గుత్తాధిపత్యం వాటిదే అవుతుంది.

విత్తనం తరువాతి మెట్టు పరీక్ష. చేను గీతకు ఇవతల ఉందో అవతల ఉందో కంటితో చూసి చెప్పడం ఎవరికీ సాధ్యం కాదు. అమెరికా వ్యవసాయ శాఖ 2021 నాటి నిబంధనల్లో ఇందుకు పెట్టిన పద్ధతి ఉదాహరణగా తీసుకోవచ్చు. కోతకు ముందు ముప్పై రోజుల్లోపల శిక్షణ పొందిన వ్యక్తి చేనులోకి వచ్చి, అక్కడక్కడా మొక్కలను ఎంచుకొని, ప్రధాన కాండం పైభాగం నుంచి అయిదు నుంచి ఎనిమిది అంగుళాల పొడవున పూతతో సహా కత్తిరించి, ప్రయోగశాలకు పంపాలి. పచ్చి మొక్కలో టీహెచ్‌సీ ఎక్కువగా ఆమ్ల రూపంలో ఉండి, వేడి తగిలినప్పుడే మత్తు రూపంలోకి మారుతుంది కనుక, ఆమ్ల రూపాన్ని 0.877తో హెచ్చించి, ఉన్న టీహెచ్‌సీకి కలిపి మొత్తం లెక్క కడతారు. గీత దాటితే ఆ పంటను మార్కెట్‌కు పంపకూడదు. అయితే తగిన జాగ్రత్తలు తీసుకున్న రైతు చేనులో 1 శాతం లోపు వస్తే, దాన్ని నిర్లక్ష్యపు ఉల్లంఘనగా కూడా లెక్కించరు. పంట నష్టం వేరు, నేరం వేరు అన్న ఈ విచక్షణ మన దేశంలో అన్నింటికంటే ముందు కావాలి. అయిదు నాళీల, అంటే సుమారు పావు ఎకరం, మెట్ల పొలం ఉన్న కొండ రైతుకు పరీక్ష రుసుము ఎవరు కడతారు, నమూనా పరీక్షాకేంద్రానికి చేరి ఫలితం వచ్చేలోగా చేను ముదిరిపోతే ఎవరిది బాధ్యత, విత్తనం ఇచ్చింది ప్రభుత్వమే అయినప్పుడు గీత దాటిన పంటకు పరిహారం ఉంటుందా అన్న ప్రశ్నలకు జవాబు రాయని విధానం, ఎంత అందంగా ముద్రించినా, రైతుకు ఉరితాడే అవుతుంది.

మూడవది మిల్లు. కోసిన హెంప్ కాండం బరువులో నార నాలుగో వంతు అటూ ఇటూగా ఉంటుంది, మిగిలినదంతా లోపలి కట్టె. ఎండిన కాండాలు బరువు తక్కువ, చోటు ఎక్కువ తీసుకునే సరుకు కనుక లారీలో దూరం తీసుకెళ్తే కిరాయిలోనే లాభం హరించుకుపోతుంది. కొండ దారుల్లో ఈ సమస్య ఇంకా తీవ్రం. కాండాన్ని నలగగొట్టి నారనూ కట్టెనూ వేరు చేసే యంత్రశాల పొలాలకు దగ్గరలో ఉండాలి. ఫ్రాన్సులోని షాంపేన్ ప్రాంతంలో 1973లో రైతులే ఒక సహకార సంఘంగా ఏర్పడి, తమ పంటను తామే శుద్ధి చేసుకునే కర్మాగారం పెట్టుకున్నారు. హెంప్‌ను ఎన్నడూ పూర్తిగా నిషేధించని ఆ దేశం ఈనాటికీ ఐరోపాలో అగ్రగామి ఉత్పత్తిదారుగా ఉండడానికి అటువంటి సంఘాలే వెన్నెముక. నార కాగితానికీ వాహన విడిభాగాలకూ, కట్టె ముక్కలు పశువుల పరుపుకూ ఇళ్ల గోడలకూ, గింజ ఆహారానికీ పోతాయి. ఒక్క వస్తువు ధర పడిపోయినా మిగిలినవి రైతును నిలబెడతాయి.

మిల్లు లేని నార పంట గతి ఏమవుతుందో తెలుగువారికి మరొకరు చెప్పనవసరం లేదు. ఉత్తరాంధ్రలో గోగు ఒకప్పుడు మెట్ట రైతుకు చేతి ఖర్చులిచ్చే పంట. ఆమదాలవలస వ్యవసాయ పరిశోధన కేంద్రం ఆ పంటలో ఏఎంవీ వరుస రకాలను విడుదల చేసింది. నెల్లిమర్ల, చిట్టివలస జూట్ మిల్లులు వేలమందికి పని ఇచ్చాయి. తరువాత చిట్టివలస మిల్లు మూతపడింది, నెల్లిమర్ల మిల్లు లాకౌట్లతో ఎన్నోసార్లు ఆగి నడిచింది. ఊరవేయడానికి చెరువుల్లో నీరు చాలక, నార తీసే కూలీలు దొరకక, ధర గిట్టుబాటు కాక రైతులు మొక్కజొన్న వంటి పంటలకు మళ్లారు. ఇక్కడ మరో వాస్తవం ఉంది. మన దేశంలో జూట్ నిలబడి ఉన్నదే 1987 నాటి చట్టం వల్ల. ఆహార ధాన్యాలను, పంచదారలో కొంత భాగాన్ని జూట్ సంచుల్లోనే నింపాలని ఆ చట్టం నిర్దేశిస్తుంది. కనీస మద్దతు ధర, తప్పనిసరి కొనుగోలు ఉండి కూడా నార రైతు చితికిపోయిన చోట, అవేవీ లేని హెంప్ తనంతట తాను నిలబడుతుందని అనుకోవడం అమాయకత్వం. పైగా గోగు జాతికే చెందిన కెనాఫ్ నారను జర్మనీ కంపెనీ బీఎండబ్ల్యూ తన విద్యుత్ కారు ఐ3 తలుపుల లోపలి పలకల్లో వాడింది. మన పొలాల్లో మత్తు గొడవ లేకుండా పండే నారకు ఆ స్థాయి పరిశ్రమను తెచ్చుకోలేకపోయినందుకు బాధపడాలి.

మార్కెట్ విషయంలో కొంత వెలుగు లేకపోలేదు. భారత ఆహార భద్రత ప్రమాణాల సంస్థ 2021 నవంబరులో హెంప్ గింజను, గింజ నూనెను, గింజ పిండిని ఆహార పదార్థాలుగా గుర్తించి ప్రమాణాలు నిర్ణయించింది. గింజలో కిలోకు 5 మిల్లీగ్రాములు, నూనెలో కిలోకు 10 మిల్లీగ్రాములకు మించి టీహెచ్‌సీ ఉండకూడదు. గింజలో మూడో వంతు దాకా నూనె, దాదాపు నాలుగో వంతు మాంసకృత్తులు ఉంటాయి కనుక ఆహార మార్కెట్ నిజమైనదే. నారను పత్తి పోగులాగా మెత్తగా మార్చి నేసే పద్ధతితో లీవైస్ కంపెనీ 2019లో దుస్తులు విడుదల చేసింది. కట్టె ముక్కలను సున్నంతో కలిపి గోడలుగా పోసే హెంప్‌క్రీట్ అనే పదార్థం బరువు తక్కువ, వేడిని ఆపుతుంది. అయితే అది భారం మోయదు కనుక చెక్క చట్రం వంటి ఆధారంతోనే కట్టాలి. పౌడీ గఢ్వాల్ జిల్లా యమకేశ్వర్ ప్రాంతంలో ఈ పద్ధతిలో ఇల్లు కట్టి చూపించారు. మన దేశానికి ఇది పూర్తిగా కొత్త కూడా కాదు. ఎల్లోరా గుహల గోడల మీది మట్టి పూతలో హెంప్ కలిసి ఉందని, శతాబ్దాలుగా ఆ పూత పురుగు పట్టకుండా నిలవడానికి అది తోడ్పడిందని 2016లో ప్రచురితమైన పరిశోధన వెల్లడించింది.

ఆశలు హద్దు మీరితే ఏమవుతుందో అమెరికా చూపించింది. 2018 నాటి వ్యవసాయ చట్టంతో హెంప్ చట్టబద్ధం కాగానే, సీబీడీ నూనెకు పలికే ధర చూసి రైతులు పెద్ద ఎత్తున విత్తారు. కొనేవారి కంటే సరుకు ఎక్కువై 2019 కోత నాటికే ధరలు కుప్పకూలాయి. కొన్న పంటకు డబ్బు చెల్లించకుండానే శుద్ధి కంపెనీలు కొన్ని దివాలా తీశాయి. ఆ దేశ వ్యవసాయ శాఖ లెక్కల ప్రకారం హెంప్ పంట విలువ 2021లో 82.4 కోట్ల డాలర్లు కాగా 2022లో 23.8 కోట్ల డాలర్లకు పడిపోయింది. భూమి, అప్పు, బీమా, న్యాయస్థానం అన్నీ అందుబాటులో ఉన్న అమెరికా రైతే తట్టుకోలేని దెబ్బను ఎకరం కొండ పొలం ఉన్నవాడు తట్టుకోలేడు. పొగాకుకు ప్రత్యామ్నాయం వెతుక్కుంటూ 2020లో చట్టం చేసుకున్న మలావీ వంటి ఆఫ్రికా దేశాలకూ ఇదే హెచ్చరిక వర్తిస్తుంది. మన దేశంలో సీబీడీ దారికి ఇంకో ఇబ్బంది కూడా ఉంది. 14వ సెక్షన్ నార, గింజ, ఉద్యానవన అవసరాలనే పేర్కొన్నది. పూత నుంచి తీసే పదార్థం దాని పరిధిలోకి రాదు.

హెంప్‌కు నీరు అక్కరలేదని, ఎరువు అక్కరలేదని, పురుగు పట్టదని సాగే ప్రచారాన్ని కూడా కాస్త తగ్గించి వినాలి. దట్టంగా విత్తితే కలుపును అణచివేస్తుంది, పత్తి కంటే మందుల ఖర్చు బాగా తక్కువ అన్నవి నిజమే. కాని మంచి నార దిగుబడికి హెక్టారుకు వంద కిలోల దాకా నత్రజని అడిగే పంట ఇది. మొలిచిన తొలి వారాల్లో నీరు నిలిస్తే చచ్చిపోతుంది. మడుగుల్లో ఊరవేస్తే ఆ నీరు కంపుకొట్టి చేపలు చస్తాయి, చేనులోనే పరిచి మంచు తేమతో ఊరవేస్తే వాతావరణం అనుకూలించాలి.

ఆంధ్రప్రదేశ్‌లో ఈ చర్చ వచ్చినప్పుడల్లా విశాఖ మన్యం పేరు వినిపిస్తుంది. ఆంధ్ర, ఒడిశా సరిహద్దు కొండల్లో శీలావతి వంటి రకాల గంజాయి సాగు దశాబ్దాలుగా గిరిజనుల బతుకును పోలీసు కేసులకు, దళారుల అప్పులకు కట్టిపడేసింది. 2021లో మొదలైన ఆపరేషన్ పరివర్తనలో పోలీసులు వేల ఎకరాల తోటలను నరికించారు. 2022 ఫిబ్రవరిలో అనకాపల్లి దగ్గర దాదాపు రెండు లక్షల కిలోల గంజాయిని తగలబెట్టారు. అక్కడి గిరిజనులకు గంజాయి బదులు హెంప్ ఇవ్వవచ్చు కదా అన్న సూచన మంచి మనసుతో వచ్చేదే గాని, అమలుకు అదే అత్యంత అననుకూలమైన ప్రదేశం. పక్క లోయలో దొంగతోట పూస్తే దాని పుప్పొడి హెంప్ చేనును చెడగొడుతుంది, హెంప్ చేను మాటున దొంగతోట పెంచడం సులువవుతుంది, తనిఖీకి వచ్చిన కానిస్టేబుల్‌కు రెండూ ఒకేలా కనిపిస్తాయి. మన్యంలో కాఫీ, మిరియాలు, పసుపు ఇప్పటికే వేళ్లూనుకొని ఉన్నాయి. అక్కడ వాటి కొనుగోలు, ధర గట్టిపడటమే గిరిజనుడికి మేలు.

తెలుగు రాష్ట్రాలు ఈ పంట వైపు చూడదలిస్తే మొదట విశ్వవిద్యాలయ క్షేత్రాల్లో, కంచె వేసిన కొద్దిపాటి నేలలో, ఇక్కడి పగటి పొడవుకు తగిన రకాల కోసం కొన్నేళ్లు పరిశోధన జరగాలి. గోగులో అనుభవం ఉన్న ఆమదాలవలస వంటి కేంద్రాలకు ఆ పని అప్పగించవచ్చు. రకం దొరికాక పరీక్షాకేంద్రం, దాని వెంట రైతుల సహకార సంఘం చేతిలో ఉండే నార మిల్లు, ముందుగా ఒప్పందం చేసుకున్న కొనుగోలుదారు రావాలి. లైసెన్సుల జారీ వీటన్నింటి తరువాతి పని. ఆ వరుసను తలకిందులు చేసి, ముందు లైసెన్సులు పంచి తరువాత విత్తనం వెతికితే నష్టపోయేది రైతు ఒక్కడే.

ఈలోగా హెంప్ విత్తనాలు అమ్ముతామని, పంటను తామే కొంటామని వచ్చే ప్రకటనలను చూసి డబ్బు కట్టే ముందు రైతులు ఒక సంగతి తెలుసుకోవాలి. ఎన్‌డీపీఎస్ చట్టం నిర్వచనం ప్రకారం కన్నాబిస్ ప్రజాతికి చెందిన ఏ మొక్క అయినా గంజాయి మొక్కే, అందులో టీహెచ్‌సీ ఎంత తక్కువగా ఉందన్న దానితో ఆ నిర్వచనానికి నిమిత్తం లేదు. ప్రభుత్వ ఉత్తర్వు, చేతిలో లైసెన్సు లేకుండా దాన్ని విత్తితే 20వ సెక్షన్ కింద పదేళ్ల దాకా కఠిన కారాగార శిక్ష, లక్ష రూపాయల దాకా జరిమానా పడవచ్చు.